మూలచెలక మక్కలు

“మూలచెలక ఇటుక బట్టీకి ఇచ్చుడే. పొద్దటిసంది గదే చెప్తున్న!” పోశాలు చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

“మన్ను తవ్వుకపోతే మనకు మిగిలేది గుంతనే,” అంది అతని భార్య చిలుకమ్మ, విత్తనానికి దాచిన మక్కజొన్న గింజలు చెరుగుతూ.

“ఉంటే మాత్రం ఏం మిగిలిందే? ఏటా మక్క మొవ్వు తెల్లబడుడు, మోకాలెత్తుకు ఆగుడు!”

కోడలు సంగీత మధ్యలోకి వచ్చింది. “గింజలు జింకు నీళ్లల్ల నానబెట్టి ఏస్తే మొవ్వు తెల్లబడదట అత్తమ్మా. రైతువేదికల చెప్పిన్రు.”

చిలుకమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

ఆ మాట ఎప్పుడో చెప్పినవాడు గుర్తొచ్చాడు.

షరీఫ్. భూపాలపల్లి బొగ్గుబాయిలో రిటైరైన మనిషి. మిరుగు కార్తె ముందర పాత సైకిలు మీద మొగుళ్లపల్లిలో వీళ్లింటికి వచ్చేవాడు. దారి ఎవరినీ అడిగేవాడు కాదు.

“అక్కా, మీ మూలచెలకల మక్క తెల్లబడుతది గదా? దోసెడు గింజలియ్యి. జింకు కలిపి నానబెట్టి తెస్త.”

“నీకెట్ల ఎరుక?”

“మన్ను చూస్తే తెల్వదా?”

“ఏం అమ్మనీకొచ్చినవో గది చెప్పు సాయిబూ!”

నవ్వేవాడు. ఏనాడూ ఏదీ అమ్మలేదు.

ఒక ఏడు, పీడ పోతుందని దోసెడు గింజలు పోసింది. మర్నాడు నీడన ఆరబెట్టి, గళ్ల రుమాలులో మూటగట్టి తెచ్చాడు.

“మూలకే ఎయ్యి అక్కా.”

నానిన గింజ మురిగిన గింజే అనుకుంది చిలుకమ్మ. ఆయన సైకిలు మలుపు తిరగ్గానే పెంటకుప్ప మీద పారబోసింది.

అక్కడే మొలిచాయి. మనిషెత్తు పెరిగి, ఒక్కొక్కటి చెయ్యంత కంకులు పెట్టాయి. వానపడే సాయంత్రాల్లో ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ కూర్చుని కాల్చుకుతిన్నారు. ఆ తీపి, ఆ పొగవాసన ఇప్పటికీ నాలుక మీదే ఉన్నాయి.

“అంతా పెంట బలం!” అంది అప్పుడు.

మరుసటేడు ఆయనొచ్చి ఆశగా అడిగాడు. “మూలకు మొలిచినయా అక్కా?”

“ఏడ మొలిచినయ్! మురిగిపోయినయ్.”

ఆయన ముఖం చిన్నబోయింది. మళ్లీ రాలేదు.

వాకిట్లో స్కూటీ ఆగిన చప్పుడుకు చిలుకమ్మ తలెత్తింది. నడివయసామె ఒకతె దిగింది.

“షరీఫ్ బిడ్డను అవ్వా. ఆలియా. అబ్బా పోయి నలభై రోజులైంది.”

చిలుకమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

“మీ మూలచెలకల దోసెడు మన్ను కావాలె. కబరు మీద చల్లమన్నడు.”

ఇద్దరూ చెలకకు నడిచారు. ఆలియా నేల మీద రుమాలు పరిచింది. అవే గళ్లు.

“ఆఖరిదాక గదే పరేషాన్ అవ్వా. ‘మూలకు ఒక్క గింజన్న మొలిచిందో లేదో’ అనేటోడు.”

“మా చెలక మీద ఆయనకెందుకు బిడ్డా అంత పానం?”

మన్ను ఎత్తుతూ ఆలియా మెల్లగా అసలు సంగతి చెప్పింది.

ఇంటికొచ్చి చిలుకమ్మ మక్కలన్నీ బేసిన్‌లో పోసింది. సంగీతను జింకు తెమ్మంది. అందరూ చుట్టూ చేరారు.

“బట్టీకి ఇచ్చుడు లేదు. మూలకు నానబెట్టిన గింజలే ఏస్తం,” అంది నెమ్మదిగా.

“ఏమైందే నీకు?” అన్నాడు పోశాలు.

“గా మన్నుల మక్క పండక, నువ్వు తొట్టెల ఉన్ననాడు గా చెలకను మీ బాపుకు అమ్ముకొని ఊరిడిసిపోయింది షరీఫన్న ఇంటోళ్లే.”