ప్రెస్సుకు పట్టిన రోగాలు

దూది బేలును సగం నొక్కి హైడ్రాలిక్ ప్రెస్సు ఆగిపోయింది.

"మళ్లీనా?" అన్నాడు సావుకారు. "ఉస్మాన్, ఇది నీకు లొంగుతాదా, లొంగదా? పని నిలిచిపోతా ఉంటే నీ దారి నువ్వు చూసుకోవాల."

రాజధాని కర్నూల్లో ఉన్న రోజులవి. ప్రొద్దుటూరు పత్తి మిల్లులో ఆ ప్రెస్సు కొత్త. పంపు నూనెను తోస్తుంది, నూనె ఉక్కు స్తంభాన్ని లేపుతుంది, స్తంభం దూదిని నొక్కుతుంది. ఎంత గట్టిగా అంటే, గుమాస్తా తుమ్మిన తుమ్ము బేల్లో చిక్కుకుని, బొంబాయిలో విప్పినప్పుడు వినబడిందట.

ఉస్మాన్ ఆయిలింజన్ల మేస్త్రీ. ఈ ప్రెస్సు విద్య ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. అనుమానం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. తన నీడ కూడా గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి రావాలనే రకం.

"ఏందప్పా, దీనికి పొట్టలో గాలి పట్టినట్టుందే!"

అన్నది సంజీవయ్య. దూది మోయడానికి కొత్తగా చేరిన ముసలాయన. పులివెందుల మనిషినని చెప్పుకున్నాడు.

"నీ పని నువ్వు చూసుకో మామా," అని కసిరాడు ఉస్మాన్.

పొద్దుగుంకేదాకా ప్రెస్సంతా విప్పి నేల మీద పరిచాడు. లోపల పట్టినదానికన్నా నేల మీద ఎక్కువ తేలింది. చివరికి దొరికింది. పంపుకు నూనె వచ్చే గొట్టం నట్టు వదులై గాలి పీలుస్తోంది.

గాలే!

ముసలోడికి ఎట్లా తెలిసింది?

వారం తిరక్కుండానే ఇంకో రోగం. స్తంభం లేస్తోంది, నిలవడం లేదు. పురాణం వింటున్నవాడి తలలాగా మెల్లగా వాలిపోతోంది.

"తలుపు సరిగా మూసుకోకుంటే ఇంట్లో ఏం నిలుస్తాది?" అన్నాడు సంజీవయ్య, గోడతో అన్నట్టు.

ఈసారి ఉస్మాన్ అంతా విప్పలేదు. నూనె వెనక్కి పోకుండా ఆపే వాల్వు ఒక్కటే విప్పాడు. దాని నోట్లో దూది పీచు.

ఉస్మాన్ ఒళ్లు మండింది. డాక్టరు కన్నా ముందు రోగం వీడికి తెలుస్తాందంటే, పెట్టేది వీడే. మనకు పోటీకుండే జమ్మలమడుగు మిల్లోళ్లు పంపిన మనిషే!

మర్నాటి నుంచి అందరికన్నా ముందొచ్చి బేళ్ల వెనక నక్కాడు.

ఒక పొద్దున సంజీవయ్య వచ్చాడు. నడుములోంచి స్పానరు తీసి ప్రెస్సు వెనక్కి వెళ్లి, ఏదో తిప్పి వచ్చాడు.

"దొరికినావ్!" ఉస్మాన్ అతని చొక్కా పట్టుకున్నాడు. "ఎవురు పంపినార్రా నిన్ను?"

"అది తరవాత. యాడ చెడగొట్టినానో చెప్పు చూద్దాం."

ఉస్మాన్ కోపంగా పంపు నడిపించి, గొట్టం మీద చెయ్యి పెట్టాడు. ఏమీ విప్పలేదు.

"రిలీఫ్ వాల్వు సడలిచ్చినావు. నూనంతా స్తంభం కిందికి పోకుండా ట్యాంకీకే తిరిగిపోతాంది. నన్ను ఎర్రోణ్ణి చేద్దామనా?"

ముసలాయన నవ్వాడు. "శానా బాగుండాదప్పా. ఇంగ నాకీడ పనిలేదు."

"ఉండనిస్తే గదా!"

ఉస్మాన్ అతన్ని గేటు బయటికి తోశాడు. బస్సెక్కించి, అది కదిలేదాకా కాపలా కాశాడు. రొమ్ము విరుచుకుని గుమాస్తా రామచంద్రయ్య దగ్గరికి పోయాడు.

"దొంగను పట్టి తరిమినా సామీ! ప్రెస్సు చెడగొడతా ఉండింది సంజీవయ్యే."

రామచంద్రయ్య కళ్లజోడు తీశాడు.

"చెడగొట్టమన్నది సావుకారే కదరా. ఆయప్ప మదరాసులో ఇట్లాంటి ప్రెస్సులు బిగించే పెద్ద ఫిట్టరు. నీకు పని వస్తాదో రాదో చూడమని పిలిపించినాడు."

ఉస్మాన్ రోడ్డు వైపు చూశాడు. బస్సు లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

"ఒక్క రోగం నీకు చిక్కకపోయినా చాలు," అన్నాడు రామచంద్రయ్య, "నీ పని ఆయప్పకే ఇస్తానని మాటిచ్చినాడు సావుకారు."