ఆరు బల్లల మీద ఒకే ఫోను

"ఇక ఏ ఫోనొచ్చినా ఆరు బల్లల మీదా ఒకేసారి మోగుతుంది సార్. ఎవరైనా ఎత్తొచ్చు," అన్నాడు లైన్లు కలిపిన మెకానిక్.

"అయితే ఆపరేటరుతో పనిలేనట్టే," అన్నాడు మేనేజరు, పక్కనే ఉన్న ఆపరేటరమ్మ వైపు చూడకుండా. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం ఆవిడకు ఈ రోజుతో సరి.

అంతలో ఫోనొచ్చింది. ఆఫీసంతా ఒకటే మోత. పక్కవాళ్లు ఎత్తుతారులే అని ఎవరికి వారు ఊరుకున్నారు. చివరికి అందరూ ఆవిడ వైపే చూశారు. అలవాటుగా లేచిన చేతిని ఆవిడ మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

విసుక్కుంటూ మేనేజరే ఎత్తాడు. కాసేపు విని, రిసీవరు ఆవిడకేసి చాపాడు.

"మీతోనే మాట్లాడతారట. పేరు చెప్పక్కర్లేదట, గొంతు వింటే మీకే తెలుస్తుందట."

"లేనని చెప్పండి సార్," అందావిడ నీరసంగా. "రేపట్నుంచి అదేగా చెప్పాల్సింది. ఇవాళే అలవాటు చేసుకోండి."