ఒక్కరికే కుర్చీ

జోగయ్యకు కుర్చీ వేశారు.

వలసొచ్చిన హిందీ ఊళ్లో, గుఢియారీ పేటలో, రైలుకట్ట పక్కనున్న ఆ వైద్యశాలలో ఇంకెవరికీ కుర్చీ లేదు. అందరూ చాప మీదే. జోగయ్య సొంతూళ్లో డాక్టరు ఎవరికైనా కుర్చీ వేసి కూర్చోమన్నాడంటే, లోపల పడుకున్న మనిషి మీద ఆశ వదులుకోమనే.

జోగయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు.

లోపల అతని భార్య వరహాలమ్మకు మర్దన చేస్తున్నారు. నెలయింది. కడుపులో మంటకు కషాయం, పథ్యం, నూనె మర్దన, పొద్దున్నే కళ్లు మూసుకుని ఊపిరి పీల్చి వదలడం. ఒంటినీ మనసునీ కలిపి బాగుచేస్తారని పేరు.

వారానికి వంద రూపాయలు.

పక్కవాటా సూరమ్మకీ అదే మంట, అదే కషాయం. "నాకాడ రెండ్రూపాయలే పుచ్చుకున్నాడు బాబూ. దేవుడు," అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి జోగయ్యకు కునుకు లేదు. చిన్న రోగానికి రెండు, పెద్ద రోగానికి వంద. అంతకన్నా వేరే లెక్కేముంటుంది?

అడుగుదామంటే భయం. అడిగితే చెప్పేస్తారు.

మొదటిరోజే అనుమానించాల్సింది. ఆవేళ వరహాలమ్మ మెలికలు తిరిగిపోతుంటే, సత్తిరాజు తను నడిపే జీపులో తెచ్చి ఇక్కడ దింపాడు. సిల్తారాలో కొత్తగా వెలిసిన ఇనుము ఫ్యాక్టరీలో అతను డ్రైవరు, జోగయ్య గేటు కాపలా. జీపు చూసి వైద్యజీ వాకిట్లోకే ఎదురొచ్చాడు. తమరేం చేస్తుంటారని హిందీలో అడిగాడు.

తెలుగు మాట చివర సున్నా తీసేస్తే హిందీ అయిపోతుందని జోగయ్య నమ్మకం. రోగం రోగ్. కష్టం కష్ట్. భోజనం భోజన్. ఇన్నేళ్లూ అలాగే నెట్టుకొచ్చాడు. కాపలా అనడానికి నామోషీ అనిపించి, ఛాతీ విరిచి చెప్పాడు.

"సిల్తారా మే అప్నా ఉద్యోగ్ హై."

వైద్యజీ చేతులు జోడించాడు. ఇంకా నాడి కూడా చూడలేదు. వరహాలమ్మ మొహం చూసే గండం కనిపెట్టేశాడు కాబోలు. ఆ జోడించిన చేతులు ఇప్పుడు కళ్లు మూసినా కనిపిస్తున్నాయి.

ఫీజు కింద రేడియో పోయింది. తరవాత సైకిలు పోయింది. వరహాలమ్మకు చెప్పలేదు.

"సైకిలేది మావా?" అని నిన్న అడిగింది.

"చెయిను తెగింది. బాగుచెయ్యడానికిచ్చాను."

"ఇన్నాళ్లా? చెయిను అల్లతన్నాడేటి ఆడు?"

నవ్వింది. ఆమె మొహం కాస్త నిండినట్టుంది. వాపేమో అనుకున్నాడు జోగయ్య.

తలుపు తెరుచుకుంది. వైద్యజీ ఒక్కడే బయటికొచ్చాడు. మెల్లగా, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఇక మందు అక్కర్లేదు. పథ్యం కూడా వద్దు. ఆవిడ నోటికి ఏది రుచిస్తే అది పెట్టండి."

జోగయ్య కుర్చీలోంచి లేచాడు. తన తండ్రికి ఆఖరున చెప్పిన మాట ఇదే. ఆ పూట అడిగి మరీ పనసతొనలు తిన్నాడు ఆయన. మళ్లీ పొద్దు చూడలేదు.

"ఊళ్లో పెంకుటిల్లుంది," అన్నాడు, వచ్చిన హిందీలో. "అమ్మేస్తాను. ఇంకా పెద్ద మందేదన్నా వెయ్యండి."

వైద్యజీ తెల్లబోయాడు. "దేనికి? ఆవిడకు నయమైంది. ఉన్నదల్లా కాస్త పైత్యం. అదీ పోయింది."

"నాకాడ దాచకండి. సూరమ్మది రెండ్రూపాయల రోగం. మాది వంద రూపాయల రోగం. నాకు తెలుసు." "ఇంకెన్నాళ్లుంటుంది? అది చెప్పండి చాలు."

చాప మీద వాళ్లు ఇటు తిరిగారు. లోపల్నుంచి వరహాలమ్మ గాజుల చప్పుడు దగ్గరకొస్తోంది.

వైద్యజీ జోగయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడ ఫీజు రోగాన్ని బట్టి కాదు, మనిషి స్తోమతును బట్టి. సిల్తారాలో ఉద్యోగ్ ఉందని మొదటిరోజు తమరే అన్నారు కదా, తమవంటి ఫ్యాక్టరీ యజమాని వంద ఇవ్వబట్టే కదా సూరమ్మకు రెండు రూపాయలతో జరిగిపోతోంది, సేఠ్‌జీ."