అరవై దగ్గర ఆగిన లాప్‌టాప్

పారేయడానికి వీల్లేదని మా అమ్మాయికి ముందే చెప్పాను. పోయిన నా భార్య లాప్‌టాప్ అది. ప్లగ్గు పెట్టే ఉంది, చార్జింగ్ మాత్రం అరవై శాతం దాటి ఎక్కడం లేదు.

అమ్మాయి సాకెట్ మార్చింది. తన చార్జర్ పెట్టి చూసింది. పిన్ను దూర్చే చోట దుమ్ము తుడిచింది. ఆపి, మళ్లీ ఆన్ చేసింది. అరవై దగ్గరే మొరాయించింది.

"బ్యాటరీ పోయింది నాన్నా. ఈ డొక్కుతో ఇంకెన్నాళ్లు కుస్తీ పడతావు? కొత్తది కొందాం."

"అది ఉన్నన్నాళ్లూ పడతాను."

"నీతో వేగలేను" అని గొణుగుతూ సెట్టింగులు తెరిచింది. ఉన్నట్టుండి గొణుగుడు ఆగిపోయింది.

"బ్యాటరీ బాగానే ఉంది నాన్నా. ఇది అమ్మ పని. అరవై దాటి ఎక్కకుండా పెట్టుకుంది. అలాగైతే బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది."

నా కాఫీ కప్పును కూడా ఆమె ఏనాడూ అంచుదాకా నింపలేదు. నేను పోట్లాడితే, "మీరు నాకు చాలాకాలం కావాలి" అనేది.

"ఇది మారిస్తే వందకి ఎక్కుతుంది. మార్చెయ్యనా?"

"చెయ్యి తియ్యి" అన్నాను. "మీ అమ్మ మాట ఈ ఇంట్లో ఇంకా చెల్లుతుంది."