పాట కొసన

పుస్తకాల బల్ల ముందు ఆగిన ముసలామె కొనడానికి వచ్చిన మనిషిలా లేదు.

భుజం మీద కంబళి మడత. కాళ్ల నిండా ఎర్రదుమ్ము. అట్ట మీది గొర్రెల మంద బొమ్మను వేలితో నిమురుతోంది.

ఆత్మకూరు కాలేజీ హాల్లో ఆ రోజు యూనివర్సిటీ ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు సభ. అధ్యాపకులు రాసిన పుస్తకాలు, తెచ్చుకున్న బహుమతులు ఒక ఫ్లెక్సీ మీద గోడంతా వేలాడుతున్నాయి. అందులో పెద్ద ఫొటో కరుణశ్రీది. ఉదయగిరి కొండల కింద గొర్రెల కాపరి ఆడవాళ్లు పాడుకునే పాటల్ని ఆమె ఇంగ్లీషులోకి తెచ్చింది. బల్ల మీది ఆ పుస్తకానికే ఢిల్లీలో బహుమతి వచ్చింది.

ఆ కొండల వైపు ఆమె ఎప్పుడూ పోలేదు. పాటలన్నీ సుజన అనే పాత విద్యార్థిని ఫోన్లో రికార్డు చేసి పంపినవి. పాడిందెవరని కరుణశ్రీ అడగలేదు. జానపదానికి పేర్లుండవని ఆమే క్లాసులో చెప్పేది.

డిపార్ట్‌మెంటు పెద్ద మల్లికార్జున అంతకు కాసేపటి ముందే ఆమెను మైకులో మెచ్చుకున్నాడు.

"మూలంలో ప్రతి పాట చివరా, మంద ముందు నడిచే పొట్టేలును పిలిచే కేక ఒకటి వస్తుంది. 'ఓ మునెయ్యా, పొద్దుగూకింది, రా' అని. మన కరుణశ్రీ గారు ఆ కేకలన్నీ తీసేసి పాటకు ఒక నిండుదనం తెచ్చారు. ఎక్కడ కత్తెర పెట్టాలో తెలిసిన చెయ్యి అది."

చప్పట్లు కొట్టి అందరూ టీలకు లేచారు. కరుణశ్రీ సంతకాలు పెట్టడానికి బల్ల దగ్గరికి వచ్చింది. అప్పుడే బయటినుంచి ఈ ముసలామె.

"ఈ పుస్తకం రాసిన మేడమ్మ నువ్వేనా?"

"నేనే అవ్వా. చెప్పు."

"ఇది ఎందాక పోతాది?"

"ఎందాకంటే?"

"దేశాలు దాటతాదా అని."

కరుణశ్రీకి నవ్వొచ్చింది. "లండన్ దాకా పోయింది."

"లండన్ నాకెందుకులే. కువైట్‌కి పోతాదా?"

"ఇంగ్లీషు పుస్తకం కదా, ఎక్కడికైనా పోతుంది."

"అక్కడోళ్లకు ఇంగ్లీషు వస్తాదా?"

"చాలామందికి వస్తుంది."

ముసలామె ముఖం విప్పారింది. "అదిగో, అదే నాకు కావాల్సింది. మన మాటలో ఎంత అరిచినా ఆ కొండ దాటదు. ఇంగ్లీషులో అయితే ఎవురో ఒకరు చదివి ఆయనకు చెప్తారు గదా."

"ఎవరికి?"

"మా ఇంటాయనకు. ఆయన పేరు ఎక్కడుండాదో రవ్వంత చూపీమ్మా. చెయ్యి పెట్టి చూసుకోని పోతాను."

"మీ ఆయన పేరా? ఈ పుస్తకంలోనా?"

"దానికే గదా, మందను పక్కింటోళ్ల మీద వదిలిపెట్టి వచ్చింది."

"సరే, పేరు చెప్పు."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "భలేదానివే. మొగుడి పేరు నోటితో ఎట్ట చెప్తారు? మా వాళ్లలో చెప్పరు."

"చెప్పకపోతే నేనెట్లా వెతికేది?"

"చదువుకున్నదానివి, నీకు తెలీదా? పేజీ పేజీకీ ఉండాలే."

కరుణశ్రీ వాచీ చూసుకుంది. ఎందుకైనా మంచిదని కృతజ్ఞతల పేజీ తిప్పింది.

"చెంచురామయ్య రెడ్డి గారని ఉంది. అచ్చు వేయించడానికి సాయం చేశారు. ఈయనేనా?"

"ఆ రెడ్డి నా మొగుడైతే నాకు గొర్రెలు కాసే కర్మేందమ్మా?"

పక్కన టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. ముసలామె కూడా నవ్వింది.

"నా మనవరాలుంటే ఆ పేరు చెప్పేసుండేది. దానికి బడిలో పనంట, తరువాత బస్సుకు వస్తానన్నాది."

ఇంతలో మైకులో పిలుపు. శాలువాలు కప్పే వేళయింది. కరుణశ్రీ పుస్తకం మూసింది.

"ఇందులో లేదులే అవ్వా. ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా? రాసింది నేనే కదా."

"లేదా?"

"లేదు."

అట్ట మీది చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది.

"అంత దూరం పోయేదాంట్లో లేకపాయనే" అంది ముసలామె, తనలో తను చెప్పుకుంటున్నట్టు.

కంబళి మడతలోంచి ఉదయగిరి కొయ్యగరిటె ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "నీకని తెచ్చినాను. పేరు లేకుంటే ఏంలే. కూర కలుపుకో."

కరుణశ్రీ స్టేజీ మీదినుంచి చూసేసరికి ఆమె గుమ్మం దాటుతోంది.

సభ ముగిసేవేళకు సుజన వచ్చింది, చెమటలు కక్కుతూ. వింజమూరు దగ్గర టీచరుగా చేస్తోందట. కొయ్యగరిటె చూసి ఆగిపోయింది.

"మా అవ్వ వచ్చిందా మేడం?"

"ఆవిడ మీ అవ్వా?"

"అవును మేడం. మాలకొండమ్మ. నేను పంపిన పాటలన్నీ ఆమె పాడినవే."

కరుణశ్రీ చేతిలోని శాలువా కుర్చీలో పడేసింది. బయటికి పరుగెత్తింది. గేటు ముందు ఉదయగిరి బస్సు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు.

"చాన్నాళ్ల నుంచి పేరు పేరు అంటా ఉండాది మేడం" అంది వెనకే వచ్చిన సుజన. "తాత కువైట్‌కి గొర్రెలు కాయను పోయినాడు. మా నాయన అప్పటికి చంటిపిల్లాడు. జాబు లేదు, కబురు లేదు. సందేళ మంద మళ్లేసేటప్పుడు మటుకు అవ్వ పాడతాది. ఆ గొంతు వింటే గొర్రెలన్నీ దగ్గరికి వచ్చేస్తాయి."

కరుణశ్రీ పుస్తకం తెరిచింది. ప్రతి పాట కిందా, తను ఖాళీ చేసిన తెల్లటి జాగా.

"మీ తాత పేరేంటి సుజనా?"

"మునెయ్య, మేడం. అవ్వ మాటల్లో ఆ పేరు అనదు. పాట కొసన పిలుచుకుంటాది, అంతే."