పట్టిన నడుము

వడ్ల బస్తా ముందు గొంతుకూర్చున్న రాయమల్లు మళ్లీ లేవలేకపోయాడు.

"ఉచల్! ఎత్తవయ్యా!" పెద్ద సార్ మరాఠీలో గద్దించాడు.

నాగపూర్ నుంచి ఫిజియోథెరపీ విద్యార్థులను వెంటబెట్టుకొచ్చి సిరొంచ దగ్గర తెలుగు మాట్లాడే అంకిస ఊరి బడిలో క్యాంపు పెట్టింది ఆయనే. ఎనభై అయిదులో, నాట్ల కాలం. నడుం వంచకుండా బరువెలా ఎత్తాలో ఊరివాళ్లకు చేసి చూపించడమే ఆ రోజు విద్యార్థులకు పరీక్ష, ఇప్పుడు రాయమల్లు వంతు. మూడేళ్లుగా రోగులను ఎత్తీ దించీ, మంచాల మీదికి వంగీ వంగీ రాయమల్లు నడుమే మూలబడింది. బయటపడితే ఇక అంతే సంగతులు. నిన్న తోటి విద్యార్థి ఒకడు "అబ్బా" అన్నాడో లేదో, సొంత నడుం కాచుకోలేనివాడు ఊరి నడుమేం బాగుచేస్తాడంటూ సార్ వాణ్ని గడ్చిరోలి బస్సెక్కించేశాడు. వాడి ఏడాది చదువు నీళ్లపాలు.

"ఒక్క నిమిషం సార్. వీళ్లకు తెలుగులో చెప్పి ఎత్తుతా," అన్నాడు రాయమల్లు మరాఠీలో, చెమట కక్కుతూ. సార్ తన హెచ్‌ఎంటీ గడియారం చూసుకున్నాడు. మూడేళ్లలో ఆయన నోట ఒక్క తెలుగు ముక్క విన్నవాడు లేడు. ఆ ధైర్యమే కుర్రాడిది.

ముందు వరసలో నాట్లేసి నడుం పట్టిన పోశక్క కూర్చుని ఉంది. రాయమల్లు పాఠం చెబుతున్నట్టే చేతులూపుతూ, నవ్వుమొహం పెట్టి అన్నాడు.

"అవ్వా, నా నడుము పట్టింది. లేవస్తలేదు. సార్‌కు ఎరుకైతె ఎల్లగొడ్తడు. జర ఏదన్న చెప్పు."

పోశక్క బుగ్గలు నొక్కుకుంది. "ఓరి బిడ్డా! నువ్వు మాకు బాగుచేస్తవని నేనొస్తి! దీనికి మీ మిషన్లు పనిచెయ్యయి. కాళ్లు ముందుగాల పుట్టినోళ్లు నడుము మీద ఒక్క తన్ను తంతె సాలు, పట్టు ఇడుస్తది."

"ఎవలున్నరు గట్ల?"

"మా భీము గట్లనే పుట్టిండు. జిమల్‌గట్టకు పోయిండు, ఎల్లుండొస్తడు."

"ఎల్లుండి దాక గిట్లనే కూసోవాల్నా?"

జనం గొల్లుమన్నారు. సార్ మాత్రం నవ్వలేదు.

"ఏమంటోంది ఆమె?" మరాఠీలో అడిగాడు.

"బస్తా ఎత్తడం బాగా అర్థమైందంటోంది సార్."

సార్ మార్కుల పుస్తకం మూశాడు. అందరినీ బయటికి పంపించి తలుపు గడియ పెట్టాడు. బయటపడిపోయిందనుకున్నాడు రాయమల్లు. లేచి కాళ్లు పట్టుకుందామన్నా లేవలేడాయె. బస్సు, ఇంటి దగ్గర అమ్మ మొహం, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి.

సార్ దగ్గరికొచ్చి, వంగి, బూటు లేసు విప్పుకున్నాడు.

"బోర్ల పండురా," అన్నాడు అచ్చమైన సిరొంచ తెలుగులో, గొంతు తగ్గించి. "ఎవలికి చెప్పకు. మా అవ్వ నన్ను గూడ కాళ్లు ముందుగాలనే కన్నది."