అత్త మజ్జిగ

కోమలి రెండో మాత్ర కూడా నలిపి మజ్జిగలో వేసింది. వేసి, ఎవరైనా చూశారేమోనని తలుపు వైపు చూసింది. సొంత వంటింట్లో దొంగతనం అంటే ఇదే మరి.

ఏం చేస్తుంది పాపం. అత్త వరదమ్మకు బీపీ ఉందని డాక్టరు రోజుకొక మాత్ర రాసిచ్చాడు. ఆమె మింగితేగా.

"ఒకతూరి మొదలుపెడితే సచ్చేదాకా మింగాల. నాకేం రోగం? గుండ్రాయి మాదిరి ఉండాను," అనేసింది.

తిరుచానూరు గుడి వీధిలో వాళ్ళకు పూల అంగడి ఉంది. నీడన కూర్చుని వరదమ్మ మాలలు కడుతుంది. కొడుకు గిరి ఎండలో నిలబడి భక్తులను పిలుస్తాడు. మధ్యాహ్నం ఇద్దరికీ క్యారియరు పంపేది కోమలి. అత్తకు మాత్రం ఉప్పు తగ్గించిన మజ్జిగ వేరే సీసాలో. మాత్ర వేసేదీ అందులోనే.

వారాలు గడిచినా బీపీ దిగలేదు. దిగకపోగా ఇంకాస్త ఎక్కింది. ఒకటికి దిగనిది రెండుకు దిగదా అనుకుంది కోమలి. డాక్టరును అడగాలంటే గుట్టు బయటపడుతుంది. గిరితోనైనా చెబుదామంటే, అతను ఈ మధ్య ఇంటికి రాగానే మంచం ఎక్కేస్తున్నాడు. ఎండలు అలా ఉన్నాయి.

క్యారియరు వెళ్ళింది మొదలు కోమలికి ముద్ద దిగలేదు. కడుపున పుట్టిన కూతురిలా చూసుకున్న మనిషి. ఆమెకు తెలియకుండా ఆమె నోట్లో మందు పోయడమేమిటి? అదీ రెండింతలు. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది.

ఫోను మోగింది. పక్కంగడి శకుంతలమ్మ.

"మే కోమలీ, మీ అంగట్లో కండ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రికి ఎత్తుకపోయినారు మే. బిన్నా రా."

మిగతా మాటలు కోమలి వినలేదు. చేజేతులా చంపేశానే అని గుండె బాదుకుంటూ ఆటో ఎక్కింది. దారంతా అమ్మవారికి మొక్కుతూనే ఉంది. తల్లీ, ఆ ప్రాణం నిలబెట్టు, అందరూ నా మొహాన ఉమ్మేసినా పడతాను.

ఆస్పత్రి గుమ్మంలోనే నర్సు ఎదురైంది.

"పూలంగడి పేషెంటు మీవాళ్ళేనా? బీపీ బాగా పడిపోయింది. ఏమన్నా మాత్రలు వాడతారా?"

తెలీదంటే ఎవరూ కనిపెట్టలేరు. కానీ లోపలి గదిలో ఒక ప్రాణం కొట్టుకుంటోంది.

"వాడరు. నేనే తెలీకుండా బీపీ మాత్ర మజ్జిగలో కలిపి పంపిస్తా ఉండా. ఈపొద్దు రెండేసినాను," అని కోమలి గోడకు చేరబడి ఏడ్చింది.

నర్సు డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

అంతలో కుళాయి వైపు నుంచి నీళ్ళ చెంబుతో ఎవరో వచ్చి కోమలి భుజం పట్టుకున్నారు.

"ఎండలో అరిసి అరిసి ఎండిపోతా ఉండాడని నా సీసా మజ్జిగ గూడా దినామూ వానికే తాపిస్తి కదే, అయినా నీ మొగుడు అట్ల కూలిపోయినాడే," అని బావురుమంది వరదమ్మ.